అంట్ల మేస్త్రి చేతులు

వేడినీళ్ల స్నానశాల టికెట్ల కిటికీ దగ్గర అక్కయ్య కాస్త గొంతు తగ్గించి మాట్లాడి ఉంటే ఆ వారం మరోలా గడిచేది. కానీ గొంతు తగ్గించడం అక్కయ్యకు పుట్టాక ఎప్పుడూ చేతకాలేదు.

"ఏం ఇబ్బంది?" అని అడిగింది కిటికీ వెనక అమ్మాయి, తలెత్తకుండానే.

"నాకు మోకాళ్లు. మా తమ్ముడికి చేతులు," అంది అక్కయ్య. "ఆ చేతులే వాడికి అన్నం పెట్టేవి. మామూలు చేతులనుకున్నావా? అంటు, అమ్మాయ్, అంటు మా వాడిది! చుట్టుపక్కల ఏ తోటకైనా వెళ్లి చూడు, మా వాడి అంటే కనిపిస్తుంది. వాడు చెయ్యి వేస్తే చాలు, అంటుకోవాల్సిందే."

వరుసలో వాళ్ల వెనక నల్ల గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

తమ్ముడు అది చూశాడు కానీ అర్థం చేసుకోలేదు. మొక్కల నర్సరీలో అంట్లు కట్టడం ఆయన పని. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అంట్ల మేస్త్రి అనే పిలుస్తారు. తెలియనివాళ్లు ఆ పేరు విని, "ఏ హోటల్లోనండీ, గిన్నెలు తోమించేది?" అని అడుగుతుంటారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. అక్కయ్య తన పనితనాన్ని అలా ఊరందరికీ వినిపించేసరికి సిగ్గేసి, తువాళ్లు అందుకోవడానికి జేబులోంచి చెయ్యి తీశాడు. వేళ్ల కణుపుల నుంచి మణికట్టు దాకా చర్మం ఎర్రగా మందమెక్కి, పైన తెల్లటి పొలుసులు లేచి, ఎండిన బెరడులా ఉంది. బొటనవేలి వంపులో పగులు. చొక్కా ముంజేతి గుండీ విడిపోయి ఉంటే, అక్కయ్య పసివాడికి పెట్టినట్టు అందరి ముందే దాన్ని పెట్టింది.

"వేళ్లు వంగవు పాపం," అంది కిటికీతో.

మగవాళ్ల తొట్టి ఉన్న గది పొడవుగా, పైకప్పు ఎత్తుగా ఉంది. నేలలోంచి ఉబికి వచ్చే నీళ్లు ఒక రాతి గొట్టంలోంచి తొట్టిలో పడుతున్నాయి. గదంతా అప్పుడే గీసి ఆర్పిన అగ్గిపుల్లల వాసన. ఆవిరిలో మనుషుల తలలే తప్ప ఒళ్లు కనబడడం లేదు. మేస్త్రి తువాలు కప్పుకునే మెట్లు దిగి, నీళ్లలో మెడదాకా మునిగాక గాని తువాలు తీయలేదు. మోచేతులకీ వీపుకీ కూడా ఉంది ఆ పొలుసు.

మొదట పగుళ్లన్నీ భగ్గుమన్నాయి. పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడు. కాసేపటికి మంట సన్నగిల్లింది. నీళ్లు మామూలు నీళ్లలా లేవు, సబ్బు కలిపినట్టు జారుడుగా ఉన్నాయి. ముంజేతి వెంట్రుకలకు ఆవగింజలంత బుడగలు పట్టాయి. ఆ బుడగల్ని చూస్తూ ఉండిపోవడంతో, చుట్టూ ఉన్న తలలు ఒక్కొక్కటే అవతలి గట్టువైపు జరగడం ఆయన గమనించలేదు. గమనించేసరికి సగం తొట్టి ఆయనదే.

మేనేజరు ప్యాంటు అంచులు మడుచుకుని గట్టు దగ్గరికి వచ్చాడు. వెనకాల గొడుగాయన, ఒంటిమీద తువాలుతో, చేతిలో మాత్రం గొడుగుతో.

"ఏమీ అనుకోకండి," అన్నాడు మేనేజరు. నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు. "మీది అంటు అని మీ అక్కగారే చెప్పారట. గుమ్మం పక్కన బోర్డు ఉంది. అంటురోగాలున్నవారికి..."

మేస్త్రికి నవ్వొచ్చింది. "అయ్యో, అది ఆ అంటు కాదండీ! నేను మొక్కలకి అంటు..." అంటూ చెప్పడానికి రెండు చేతులూ నీళ్లలోంచి పైకెత్తాడు.

ఆ చేతులు చూశాక ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

"మొక్కలకి కూడా అంటిస్తాడా!" అంది అవతలి గట్టు దగ్గర ఒక తల.

మేస్త్రి చేతులు మళ్లీ నీళ్లలో పెట్టేశాడు. వాదించవచ్చు. కానీ ఒంటిమీద బట్ట లేకుండా, అన్ని తలల ఎదుట, తనది ఏ అంటో చెప్పి ఒప్పించడం ఆయన వల్ల కాలేదు. మేనేజరు తువాలు అందించాడు. అందించడం కాదు, గట్టుమీద పెట్టి తాను వెనక్కి జరిగాడు.

"వెనక ఇంకో తొట్టి ఉందండి. నీళ్లు ఇవే. ఇక్కణ్ణుంచి పొర్లి అక్కడికే పోతాయి," అన్నాడు.

వెనక తొట్టి అంటే తువాళ్లు ఉతికే పెరడు. పైన కప్పు లేదు. సిమెంటు తొట్టి అంచుల వెంట నీటిలోని ఉప్పులు పేరుకుని, తెలుపూ నారింజా కలిసిన పెచ్చు కట్టింది. తీగలమీద తువాళ్లు ఆరుతున్నాయి. కంచె పొడుగునా ముళ్ల పొద ఒకటి పెరిగి, గాలికి ఊగే తువాళ్ల అంచుల్ని పట్టుకుని లాగుతోంది. లావుపాటి మనిషి ఒకాయన మోకాళ్లదాకా తడిసి తువాళ్లు పిండుతున్నాడు. పనివాళ్లంతా ఆయన్ని బాబాయ్ అంటున్నారు.

"దగ్గరికి రాకండి బాబాయ్, నాది అంటట," అన్నాడు మేస్త్రి.

బాబాయి పిండుతున్న తువాలు ఆపలేదు. "ముందు దిగండి, చలేస్తుంది. ఆ మూల వద్దు, నాచుంది, జారతారు. ఇటు నుంచి."

మేస్త్రి ఇటు నుంచి దిగాడు. పసిపిల్లలకి పోయడానికి మోచేత్తో ముట్టి చూసి ఒప్పుకునే వేడి అది. ఈసారి పగుళ్లు మండలేదు. అడుగున ఏదో మెత్తగా, వెన్నలా పాదాలకు తగిలింది. తలెత్తితే ఆకాశం ఉంది.

*

"నా నోరు పడిపోను!" అంది అక్కయ్య. వాళ్లు అద్దెకు తీసుకున్న గదిలో రెండు మంచాలూ ఒక కుర్చీ. మోకాళ్లకు తువాలు చుట్టుకుని ఆమె మంచంమీద కూర్చుంది. సంగతంతా ఆడవాళ్ల తొట్టి దాకా పాకింది. "ఆ మేనేజరుకి తలంటి వచ్చాలే. అంటంటే ఆ అంటు కాదు, ఈ అంటు అని కిటికీ దగ్గర అందరికీ వినపడేలా చెప్పాను."

"గట్టిగానా?"

"గట్టిగానే."

"అయితే రేపు తువాళ్లు కూడా ఇవ్వరు."

అక్కయ్య నవ్వబోయి ఆగిపోయింది. తమ్ముడు సంచీలోంచి అంటు కత్తిని తీసి గుడ్డ విప్పుతున్నాడు. ఎముక పిడి ఉన్న చిన్న కత్తి. అరచేతిలో పెట్టుకుని వేళ్లు మూయడానికి ప్రయత్నించాడు. నాలుగు వేళ్లూ సగం దాకా వచ్చాయి. బొటనవేలు మొండికేసింది, పగులు నోరు తెరిచి నెత్తురు చుక్క కనబడింది.

వానలు మొదలైతే నర్సరీలో అంట్ల పని మొదలవుతుంది. బయల్దేరే ముందు యజమాని ఆయన భుజంమీద చెయ్యి వేయబోయి, మానుకుని, మంచిగానే చెప్పాడు. "చేతులు బాగైతే కత్తి పట్టుకోండి మేస్త్రిగారూ. లేకపోతే గొట్టం పట్టుకుని మొక్కలకి నీళ్లు పెడుదురుగాని. మిమ్మల్ని వదులుకోను." వదులుకోనన్నందుకు మేస్త్రికి కృతజ్ఞతే. కానీ నీళ్ల గొట్టం ఎవరైనా పట్టుకుంటారు.

"నా వల్లే కదరా ఇదంతా," అంది అక్కయ్య.

"నీ వల్లే. లోపల ఆవిరికి నాకు ఊపిరాడలేదు. నీ నోటి పుణ్యమా అని ఆకాశం దొరికింది."

"ఓదార్చకు. రేపు డాక్టరమ్మ దగ్గరికి నడు. నీది అంటేది కాదని ఆవిడ నోటితోనే చెప్పిస్తాను."

స్నానశాల డాక్టరమ్మ వయసులో చిన్నది. మేస్త్రి చేతిని దీపం కిందికి లాక్కుని, తిప్పి చూసి, మోచెయ్యి చూసి, వీపు చూపించమంది. చూశాక కూడా చేతులు కడుక్కోవడానికి పరిగెత్తలేదు. పట్టుకున్న చెయ్యి వదలకుండానే మాట్లాడింది.

"ఇది ఎవరికీ అంటదు. ఒంట్లో చర్మం అవసరానికి మించి తొందరగా పుట్టేస్తోంది, అంతే. మేనేజరుతో నేను చెబుతాను, పెద్ద తొట్టిలోకి మీరు నిక్షేపంగా వెళ్లొచ్చు. కానీ నన్నడిగితే వద్దంటాను. ఆ వేడి మీకు ఎక్కువ. పొలుసు నానాలి గాని ఉడక్కూడదు. ఈ నీళ్లలో గంధకం ఉంది, అది పొలుసుని మెత్తబరుస్తుంది. వెనక తొట్టిలో అయితే గోరువెచ్చగా... అక్కడికి వెళ్లమని మీకెవరు చెప్పారు?"

"వెళ్లగొట్టారండీ."

డాక్టరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "మంచిచోటికే వెళ్లగొట్టారు," అంది మెల్లగా. తర్వాత, నీళ్లలోంచి లేచాక తువాలుతో రుద్దుకోవద్దనీ, అద్దుకోవాలనీ, ఒంటి తడి ఆరకముందే నూనె రాసుకోవాలనీ చెప్పింది.

"పూర్తిగా పోతుందా తల్లీ?" అనడిగింది అక్కయ్య.

"పోదమ్మా. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ తగ్గుతుంది."

"కత్తి పట్టుకోగలనా?" అన్నాడు మేస్త్రి.

"ఏం కత్తి?" డాక్టరమ్మ ఉలిక్కిపడింది.

అక్కయ్య నోరు తెరిచింది. మేస్త్రి ఆమె మోచెయ్యి గిల్లి, తానే నెమ్మదిగా, మొక్కలతో మొదలుపెట్టి చెప్పాడు.

బయట వరండాలో మేనేజరు ఎదురొచ్చాడు. డాక్టరమ్మ అప్పటికే పిలిచి చెప్పింది కాబోలు, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "మీరు రావచ్చండి. కాకపోతే మీరు దిగితే మిగిలినవాళ్లు లేచిపోతారేమోనని..."

"నేను వెనకే ఉంటానండి. నాకక్కడే హాయిగా ఉంది," అన్నాడు మేస్త్రి. రెండడుగులు వేసి ఆగాడు. "కానీ ఒక్క మాట. నేను రాకపోయినా, రావచ్చని వాళ్లకి చెప్పండి. అది చాలు."

"చెబుతాను," అన్నాడు మేనేజరు, గుమ్మం పక్కనున్న బోర్డువైపు చూస్తూ.

*

ఆ తర్వాతి రోజులు ఒకదానిలాగే ఒకటి గడిచాయి. పొద్దున్నా సాయంత్రం మేస్త్రి వెనక తొట్టిలో కూర్చునేవాడు. కాసేపు నానాక పొలుసులు తడిసిన కాగితంలా లేచేవి. గోటితో లాగకూడదని తనకు తానే చెప్పుకుని, నీళ్లకే వదిలేసేవాడు. అవి విడిపోయి పొర్లే నీళ్లతో పోయేవి. కింద లేత చర్మం, మామిడి చిగురు రంగులో. రాత్రుళ్లు గోకించి నిద్ర లేపే దురద ముందు తగ్గింది. అలా తెల్లారేదాకా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

ఒక మధ్యాహ్నం బాబాయి తొట్టి గట్టుమీద కూర్చుని, "వీపుకి నూనె ఎవరు రాస్తున్నారు?" అనడిగాడు.

"చెయ్యి అందినంత మేర నేనే."

"అందనిచోట?"

అందనిచోట రాసే భార్య పోయాక ఆ చోటు అలాగే ఉండిపోయింది. అక్కయ్య రాస్తానంటే సిగ్గుపడి వద్దన్నాడు.

బాబాయి మోచేతిదాకా నీళ్లలో ముంచి, తొట్టి అడుగునుంచి ఆ వెన్నలాంటి బూడిదరంగు ఒండ్రు దోసిట్లోకి తీశాడు. నీళ్లు వార్చి, "వంగండి," అన్నాడు. మేస్త్రి ఏదో అనేలోపే, వట్టి అరచెయ్యి తెచ్చి ఆయన రెక్కల మధ్య ఆన్చాడు. వెచ్చటి ఒండ్రు, దాని వెనక ఇంకా వెచ్చటి చెయ్యి. తువాళ్లు పిండి పిండి ముడతలు పడ్డ ఆ చెయ్యి తొందర లేకుండా మెడ కింద మొదలుపెట్టి, నడుందాకా గోడకు పూత పూసినట్టు పరుస్తూ పోయింది. ఎప్పుడూ చెవులదాకా బిగుసుకుని ఉండే మేస్త్రి భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

"ఏడుస్తున్నారా ఏంటి?"

"గంధకం కంట్లో పడింది."

"వీపు మీంచా?" అన్నాడు బాబాయి. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత రోజూ, అడక్కుండానే, తువాళ్లు ఆరేయడం అయ్యాక బాబాయి వచ్చి గట్టుమీద కూర్చునేవాడు.

ఒండ్రు ఆరేదాకా కదలకూడదు కాబట్టి మేస్త్రి ఎదురుగా ఉన్న ముళ్ల పొదని చూస్తూ ఉండేవాడు. అడవి గులాబీ. నీరసంగా, అయిదు రేకుల తెల్లపూలు అక్కడక్కడా. కానీ కాండం మంచి బలంగా ఉంది. పొర్లే నీళ్లు చల్లారి కాలవలో పారి దాని మొదట్లోకే పోతున్నాయి.

"దాన్ని పీకించేస్తాను. ఎన్ని తువాళ్లు చింపిందో," అన్నాడు బాబాయి.

"ఆగండి. ఇంత బలమైన వేరు దొరకదు," అన్నాడు మేస్త్రి. "ముందు వరండాలో కుండీల్లో ఉన్నాయే, ఆ ఎర్ర గులాబీలు. వాటి చిగురు కన్ను ఒకటి తెచ్చి దీనికి కడితే..." అంటూ చేతులు ఎత్తాడు. ఎత్తి, వాటిని చూసుకుని, మాట మార్చాడు.

ఆడవాళ్ల తొట్టి కబుర్లు అక్కయ్య రోజూ మోసుకొచ్చేది. మోకాళ్లు వంగుతున్నాయట, మెట్లు పక్కకి తిరక్కుండా దిగుతోందట. మెళ్లో వెండి గొలుసు మాత్రం మసిబొగ్గులా అయిపోయింది. "నన్ను తెల్లగా చేస్తాయనుకుంటే నా గొలుసుని నల్లగా చేశాయిరా ఈ నీళ్లు," అని గదిలో పిండితో తోముతూ కూర్చునేది. గొడుగాయన భార్య తనతో మాట్లాడడం లేదని కూడా చెప్పింది. అంటే మేనేజరు ఎవరికీ ఏమీ చెప్పలేదన్నమాట. మేస్త్రికి ఆ ఒక్కటే లోపల ముల్లులా గుచ్చుకుంది.

ఒక పొద్దున అక్కయ్య అలవాటుగా తమ్ముడి ముంజేతి గుండీ పెట్టడానికి వచ్చి నిలబడిపోయింది. రెండు చేతుల గుండీలూ పెట్టి ఉన్నాయి.

"ఎవరు పెట్టార్రా?" అంది.

"ఎవరు పెడతారు?" అన్నాడు మేస్త్రి, మంచం కింద చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచి.

*

బయల్దేరాల్సిన రోజు బస్సుకి ఇంకా కాస్త టైముంది. అక్కయ్య సంచీలతో గేటు దగ్గర కూర్చుంది. మేస్త్రి మేనేజరునడిగి కుండీలోంచి ఎర్ర గులాబీ కొమ్మ ఒకటి కోసుకుని, తడిగుడ్డలో చుట్టుకుని పెరట్లోకి వచ్చాడు. బాబాయి తువాళ్ల మూట తేవడానికి లోపలికి వెళ్లాడు. అంటుకి చుట్టే పట్టీ కోసం ఒక ప్లాస్టిక్ సంచిని సన్నగా చీల్చి గట్టుమీద పెట్టి వెళ్లాడు.

మేస్త్రి పొద ముందు గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు తలుపు కిర్రుమంది. గొడుగాయన. తువాలు భుజాన వేసుకుని, తొట్టినీ మేస్త్రినీ మార్చి మార్చి చూస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. ముఖం, మెడ కందిపోయి ఎర్రగా ఉన్నాయి.

"రండి," అన్నాడు మేస్త్రి. "ఆ మూల వద్దు, నాచుంది, జారతారు. ఇటు నుంచి."

గొడుగాయన దిగలేదు. "పెద్ద తొట్టిలో నిన్న కళ్లు తిరిగాయండి. ఆ వేడి నా గుండెకి పడదంది డాక్టరమ్మ. వెనక తొట్టికి వెళ్లమంది. అక్కడ మీరుంటారేమో అన్నాను. ఉంటే ఏం అంది." నేలమీద గొడుగు మొనతో ఏదో గీశాడు. "అప్పుడు చెప్పింది, మీది అంటేది కాదని."

"ఓహో."

"ఇంట్లో పసిపాప ఉందండి, మనవరాలు. ఇంకా బారసాల కూడా... నాకు భయమేసింది."

మేస్త్రికి ఏదో అనాలనే ఉంది. ఇన్నాళ్లూ మనసులో అనుకున్న మాటలు చాలానే ఉన్నాయి. కానీ పసిపాప అన్నప్పుడు ఆ మనిషి గొంతు మెత్తబడిన తీరు చూశాక వాటిలో ఒక్కటీ నోటిదాకా రాలేదు. "పాపకి జుట్టు బాగా ఉందా?" అన్నాడు.

"ఉందండి! తలనిండా," అన్నాడు గొడుగాయన, ఆశ్చర్యపోతూ.

మేస్త్రి కత్తి తీశాడు. నాలుగు వేళ్లూ పిడి చుట్టూ మూసుకున్నాయి. బొటనవేలు కాస్త ఆలోచించి, వంగి, తన చోటికి వచ్చింది. పగులు సన్నటి గులాబీ గీతగా మిగిలింది, తెరుచుకోలేదు. ఆయన ఊపిరి బిగబట్టి అడవి గులాబీ కాండంమీద అడ్డంగా ఒక గాటు, దానికింద నిలువుగా ఒక గాటు పెట్టాడు. పిడి చివరతో బెరడుని పుస్తకం అట్టల్లా రెండువైపులా లేపాడు. ఎర్ర గులాబీ కొమ్మనుంచి ఒక కన్నుని, కింద పలచటి బెరడుతో సహా, పడవలా చెక్కి తీసి ఆ సందులోకి జార్చాడు. సరిగ్గా కూర్చుంది.

ఇక కట్టడమే. భార్య ఉన్నన్నాళ్లూ ఆ చోట ఆమె వేలు అదిమి పెట్టి ఉండేది. తర్వాత పట్టీ ఒక కొసని పళ్లతో పట్టుకోవడం ఆయనకి అలవాటైంది. ఇప్పుడూ అలాగే పట్టుకున్నాడు. కానీ ఇన్నాళ్లూ పనిలేని వేళ్లు త్వరగా అలిసిపోయాయి. ఒక చుట్టు తిప్పేసరికి కన్ను పక్కకి జారబోయింది. ఎడమచేత్తో పట్టుకుంటే చుట్టడానికి చెయ్యి లేదు. పళ్ల మధ్య పట్టీ ఉంది, మాట రాదు. బాబాయి ఇంకా రాలేదు. తలెత్తి, గొడుగాయన వైపు చూసి, గడ్డంతో ఆ చోటు చూపించాడు.

గొడుగాయన ఆ చేతుల్ని చూశాడు. లేతగా, అక్కడక్కడా ఇంకా పొలుసు మిగిలి, నూనెతో మెరుస్తున్న చేతులు. గొడుగుని గోడకి ఆన్చాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇక్కడా?"

మేస్త్రి తలూపాడు. గొడుగాయన చూపుడువేలు ఆ గాటు పైన వచ్చి వాలింది. మొదట పిచ్చుక వాలినట్టు, ఆ తర్వాత గట్టిగా. పట్టీ కాండం చుట్టూ తిరిగి వచ్చినప్పుడల్లా మేస్త్రి కణుపులు ఆ వేలిని ఒరుసుకుంటూ పోతున్నాయి. వేలు కదల్లేదు.

"ఒరే తమ్ముడూ!" గేటు దగ్గర్నుంచి అక్కయ్య కేక. "బస్సొచ్చేస్తోందిరా! ఏం చేస్తున్నావక్కడ?"

మేస్త్రి నోట్లో పట్టీ. గొడుగాయన ఒక్క క్షణం ఆయనవైపు చూసి, పెరడు దాటి, వరండా దాటి, వరుసలో నిలబడ్డ అందరి చెవినా పడేంత గట్టిగా అరిచాడు.

"అంటు కడుతున్నామమ్మా!"

అవతల సంచీలు కింద పెట్టిన చప్పుడయింది. అక్కయ్య మోకాళ్లు మరిచిపోయి గబగబా పెరటి గుమ్మందాకా వచ్చింది. లోపలికి తొంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించింది.

"మెల్లగా బాబూ, మెల్లగా. ఎవరైనా వింటారు."